ప్యాకప్ తర్వాత ఒక నవ్వు

హైదరాబాద్ వెళ్లొచ్చిన వాణ్ని మా స్టాఫ్‌రూములో ఎవరూ ప్రయాణం ఎలా జరిగిందని అడగరు. ఏ హీరోని చూశావని అడుగుతారు. కాబట్టి ముందే చెప్పేస్తున్నాను. చూశాను, కాకపోతే వెనకనుంచి చూశాను. తెల్ల చొక్కా వేసుకున్న వీపు, ఆ వీపు మీద ఎండ పడకుండా పట్టిన గొడుగు. అంతకుమించి కావలసినవాళ్లు ఇది చదవడం ఇక్కడితో ఆపేయవచ్చు.

నేను పార్వతీపురంలో జూనియర్ కాలేజీ పిల్లలకు ఇంగ్లీషు చెబుతాను. రెండు పొట్టి మాటలు పక్కపక్కన కూర్చోబెట్టి ఇంగ్లీషువాడు నాలుగైదు అర్థాలు పిండుకునే క్రియలుంటాయి చూడండి, వాటి మీద నాకు మోజు. పిల్లలకు అంతే భయం. సెలవులకు ముందు చివరి క్లాసులో ‘ప్యాకప్’ చెప్పాను. సామాను సర్దుకోవడం, పని ముగించడం, యంత్రం మొరాయించి ఆగిపోవడం. వెనక బెంచీ అమ్మాయి ఒకతె లేచి, “షూటింగ్ అయిపోవడం కదండీ?” అంది. అది రెండోదాంట్లోకి వస్తుంది కూర్చోమన్నాను. ఆ మాట గురించి నాకు తెలియనిది ఇంకేమీ లేదన్న ధీమాతో రైలెక్కాను.

వెళ్లింది సరదాకి కాదు. మా పెద్దమ్మ కూతురు సరోజక్క కృష్ణానగర్లో ఉంటుంది. ఒకప్పుడు మా వైపు నాటకాల్లో వేషాలు కట్టేది. సినిమాల్లోకని హైదరాబాద్ చేరి, షూటింగుల్లో లైట్లు పట్టే యాదగిరిని పెళ్లి చేసుకుంది. బావది మెదక్ వైపు. ఈమధ్య ఆయనకు గుండెకు ఆపరేషన్ చేయాలన్నారు. “పుట్టింటి తరఫున ఒక మనిషి నా పక్కన ఉండాలిరా,” అని అక్క ఫోన్ చేసింది. దసరా సెలవులు కలిసొచ్చాయి.

కృష్ణానగర్

ఆ సందుల్లో నడుస్తుంటే ప్రతి మొహమూ ఎక్కడో చూసినట్టే ఉంటుంది. నిజంగానే చూసి ఉంటాం, పెళ్లి సీనులో హీరోయిన్ వెనక అక్షింతలు వేస్తూనో, కోర్టు సీనులో తల ఊపుతూనో. మా ఊళ్లో మగవాడు గడ్డం పెంచితే మొక్కైనా ఉండాలి, ఇంట్లో మైలైనా ఉండాలి. ఇక్కడ గడ్డం పెట్టుబడి. అక్క వాళ్ల మేడమెట్ల దగ్గర కూర్చున్న పెద్దాయన బొడ్డుదాకా పెంచాడు, సాధువు వేషాలకి పిలుస్తారని. ఎదురు గదిలో ఉండే ఆయన పొద్దునా సాయంత్రం గీసుకుంటాడు, పోలీసు వేషాల కోసం. ఇద్దరూ ఒకరి మొహం ఒకరు చూసుకుని జాలిపడుతుంటారు.

దిగగానే టిఫిన్‌కి వెళ్లి ఇడ్లీ అడిగాను. “ఇడ్లీ ప్యాకప్ సార్. పూరీ ఉన్నది, తెమ్మంటరా?” అన్నాడు హోటలతను. పూరీ తిన్నాను. ఆ డబ్బుకి మా ఊళ్లో ఇద్దరు తిని కాఫీ కూడా తాగి రావచ్చు. చట్నీ మాత్రం అడగకుండానే మళ్లీ మళ్లీ పోశారు. నేను జేబులో చిల్లర వెతుక్కుంటూ, ఈ అర్థం నిఘంటువులో ఉందా లేదా అని ఆలోచిస్తూ బయటికి వచ్చాను.

బావ ఒక గదీ వంటిల్లూ ఉన్న ఆ ఇంట్లో మంచం మీద దిండ్లకు ఆనుకుని ఉన్నాడు. చిక్కిపోయాడు గానీ నోరు చిక్కలేదు.

“ఏం బామ్మర్దీ, మంచిగున్నవా? నన్ను చూడనీకి వచ్చినవా, షూటింగ్ చూడనీకి వచ్చినవా?”

“రెండింటికీ బావా.”

“రెండోదే నిజం. గీ పక్క రూమ్ ఖాళీగున్నది, అండ్ల పండుకో. అండ్లున్న పిలగాడు పోయిన వారమే ప్యాకప్. హీరో అయితనని వచ్చిండు, కిరాయి ఎక్కువైతున్నదని ఊరికి పోయిండు.” కాసేపు ఊపిరి తీసుకుని మళ్లీ అందుకున్నాడు. “ఆ డాక్టర్ ఫోటోలు ముంగట వెట్టి చెప్తుంటె, నేను గూడ ప్యాకప్ అనుకున్న పో.”

వంటింట్లో గరిటె కిందపడిన చప్పుడైంది. అక్క గుమ్మంలోకి వచ్చి నిలబడింది. “ఆ మాట ఈ ఇంట్లో అనొద్దని చెప్పానా లేదా?”

“ఊకనే అన్ననే.”

“ఊరికే కూడా అనొద్దు.”

బావ నా వైపు చూసి కన్ను కొట్టాడు.

సాయంత్రం మేడ మీద బట్టలు తీస్తూ నాకు అసలు సంగతి చెప్పింది. మర్నాడు ఆమెకు షూటింగ్ ఉంది. హీరో తల్లి వేషం. ఇన్నేళ్లుగా పెళ్లి గుంపులో మూడో వరసలో నిలబడిన మనిషికి, మొదటిసారి మొహం నిండా కెమెరా పెడతామన్నారు. చిక్కల్లా ఏమిటంటే, ఆ తల్లి చచ్చిపోయి ఉంటుంది.

“ఒప్పుకున్నప్పటికి మీ బావ ఆపరేషన్ ఎప్పుడో తెలీదురా. ఇప్పుడు చూస్తే ఈ షూటింగ్ అయిన మర్నాడే పడింది. ఇవాళ కాదంటే ఇంక జన్మలో పిలవరు. ఆయనకి చెప్పకు. గుడికని చెప్పి వెళ్తాను, నువ్వు తోడు రా.”

“పోనీ మానేయకూడదా అక్కా?”

“మానను. భయం లేదులే, నవ్వు షాట్ తీస్తారుగా.”

ఆ పేరు నేను వినలేదు. అక్క దుప్పటి మడతపెడుతూ చెప్పింది. సినిమాలో చచ్చిన వేషం వేసినవాళ్లు షాట్ అవగానే ఊరికే లేచి వెళ్లిపోరట. అదే చోట, అదే వేషంతో, అదే కెమెరా తిరుగుతుండగా కళ్లు తెరిచి నవ్వాలట. ఆ ముక్క సినిమాలో ఉండదు, ఎవరూ చూడరు. అయినా అది తీయందే శవం వేషం ముగిసినట్టు కాదు. మా వైపు నాటకాల్లో చచ్చిన పాత్రధారికి తెర దించగానే దిష్టి తీసేవారు. ఇదీ అలాంటిదే అనుకున్నాను. నాకు ఇలాంటివాటి మీద నమ్మకం లేదు. కానీ మడతపెట్టిన ఆ దుప్పటినే అక్క మళ్లీ విప్పి మళ్లీ మడతపెట్టడం చూశాను. అందుకే వస్తానన్నాను.

ఎక్కుడు దారి

షూటింగ్ జూబ్లీహిల్స్‌లో. కృష్ణానగర్ నుంచి దూరమేమీ కాదు, ఎత్తే ఎక్కువ. పొద్దున్నే ఆటో మాట్లాడుకున్నాం. అక్క పట్టుచీర కట్టుకుని, గుడికి వెళ్తున్నట్టు చేతిలో పూలసజ్జ కూడా పట్టుకుంది. డ్రైవరుది ఆ పక్కనే ఉన్న బోరబండ. సగం ఎక్కేసరికి ఆటో దగ్గి, మూలిగి, నిలిచిపోయింది.

“మిషన్ ప్యాకప్ అయింది సార్. జర దిగుండ్రి.”

నాకు పట్టరాని సంతోషం వేసింది. నేను క్లాసులో చెప్పిన మూడో అర్థం, నడిరోడ్డు మీద, ఎవరూ నేర్పకుండా! “మీరన్నది అచ్చమైన ఇంగ్లీషు ప్రయోగం, తెలుసా?” అన్నాను.

అతను నన్ను ఎగాదిగా చూశాడు. “ఇంగ్లీషు మంచిగనే ఉన్నది సార్. జర ఎనకకెల్లి నూకుండ్రి.”

నెట్టాను. నా వల్ల కాలేదు. అక్క పూలసజ్జ సీట్లో పెట్టి, కొంగు బిగించి, తనూ ఓ చెయ్యి వేసింది. అట్లా ఆ గుట్ట మీదికి ఆటోని మేమే తీసుకెళ్లాం. దారి పొడుగునా పెద్ద పెద్ద గేట్లు తప్ప ఇళ్లు కనబడవు. మా ఊళ్లో కొత్త మనిషి వీధిలో అడుగుపెడితే అరుగు మీది ముసలమ్మ ఎవరింటికని అడుగుతుంది. ఇక్కడ ఆ పని గోడ మీది కెమెరాలు చేస్తున్నాయి. పట్టుచీరలో ఆటో నెడుతున్న మా అక్కని అవి ఏమనుకున్నాయో తెలియదు.

అద్దెకిచ్చే బంగళా

ఆ ఇంట్లో ఎవరూ కాపురం ఉండరు. షూటింగులకే అద్దెకిస్తారట. హాల్లో పెద్ద మెట్లు, మెట్ల కింద పియానో, గోడ మీద ఎవరిదో తెలియని తాతగారి పటం. అదే హాల్లో ఎన్ని పెళ్లిచూపులు జరిగాయో, ఎంతమంది అల్లుళ్లు అలిగి వెళ్లిపోయారో లెక్కలేదని వాచ్‌మన్ చెప్పాడు. శవాన్ని కూడా అక్కడే పడుకోబెడతారా అని అడిగాను.

“పెండ్లయితె లోపల సార్, సావయితె బయట. ఓనర్ సాబ్ మాట. అది గూడ పొద్దు గూకకముందే ఎత్తెయ్యాలె.”

మా వైపు కూడా శవాన్ని వాకిట్లోనే పెడతారు కాబట్టి నాకు తప్పుగా అనిపించలేదు. కాకపోతే మా వైపు దానికి అద్దె ఉండదు.

మధ్యాహ్నం యూనిట్ భోజనం. గోంగూర, కోడికూర, ముద్దపప్పు, గడ్డ పెరుగు. పెళ్లిభోజనానికి ఏమీ తీసిపోదు. ఒక్కటే తేడా. మా ఊళ్లో పంక్తిలో ఎవరి పక్కన ఎవరైనా కూర్చుంటారు, ఇక్కడ హోదాని బట్టి కుర్చీలు. డైరెక్టర్‌కి ఒక గొడుగు, కెమెరామన్‌కి ఒక చెట్టు, లైట్లవాళ్లకి గోడనీడ. కాసేపట్లో గుండెలు బాదుకోవాల్సిన ఆడవాళ్లు కోడికాళ్లు పంచుకుంటూ పగలబడి నవ్వుతున్నారు. అక్క మాత్రం తినలేదు. ఆమెను అప్పటికే తయారు చేసేశారు.

షామియానా కింద

ముందే తెలిసినా సరే, ఆమెను అలా చూసేసరికి నాకు భయం వేసింది. మొహమంతా పసుపు, నుదుటి మీద రూపాయంత బొట్టు, ముక్కులో దూది. కాలి బొటనవేళ్లు రెండూ కలిపి కట్టేశారు. మెడలో బంతిపూల దండ. వాకిట్లో షామియానా కింద వెదురు పాడె మీద మా సరోజక్క. పక్క వీధిలో పెరిగి, నన్ను ఎత్తుకు తిరిగిన మనిషి. ఇది వేషమని నాకు నేను చెప్పుకుంటూ షామియానా గుంజ పట్టుకుని నిలబడ్డాను.

హీరో వచ్చాడు. వీపు సంగతి ముందే చెప్పాను. తల్లి మీద పడి ఏడవాలి. మొదటిసారి ఏడుపు ఎక్కువైందన్నారు. తర్వాత తక్కువైందన్నారు. ఒకసారి బాగా కుదిరింది గానీ పక్కింటి కుక్క మొరిగింది. ప్రతిసారీ అక్క ఊపిరి బిగబట్టాలి. ఎండ పక్క మేడ వెనక్కి జారుతోంది. డైరెక్టర్ కుర్రవాడు, చేతిగడియారం వైపూ ఆకాశం వైపూ మార్చి మార్చి చూస్తున్నాడు. చివరికి సూర్యుడు గోడ దాటబోతుండగా షాట్ కుదిరింది.

“కట్! ఓకే! ప్యాకప్!”

ఆ మాటకి అంత బలముందని నేను ఏ పుస్తకంలోనూ చదవలేదు. ఏడుస్తున్న బంధువులంతా ఒక్కసారి లేచి చెప్పులు వెతుక్కున్నారు. హీరో కారు గేటు దాటింది. వైర్లు చుట్టలు చుట్టుకుంటున్నాయి, కుర్చీలు మడుచుకుంటున్నాయి, కెమెరా పెట్టెలోకి వెళ్లిపోయింది. సామాను చూసే అతను వచ్చి అక్క మెడలో దండ మీద చెయ్యి వేశాడు. “అమ్మా, అయిపోయింది. లేవండి.”

అక్క లేవలేదు. ఒక్క కన్ను తెరిచి, “నవ్వు షాట్?” అంది. ముక్కులో దూది ఉంది కదా, గొంతు గొట్టంలోంచి వచ్చినట్టు వచ్చింది.

అప్పుడు ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. అలాంటివి గుర్తుపెట్టుకునే పెద్ద అసిస్టెంట్ జ్వరంతో రాలేదట. వెలుగు పోతోందన్న తొందరలో ఎవరికి వారు పక్కవాడు చూసుకుంటాడులే అనుకున్నారు. డైరెక్టర్ పరుగున వచ్చి పాడె పక్కన గొంతుక్కూర్చున్నాడు.

“సారీ అమ్మా, కెమెరా సర్దేశారు. ఫోన్‌లో తీసేద్దాం, ఒక్క నిమిషం.”

“ఫోన్‌లో చచ్చానా బాబూ నేను?”

అతను ఫోన్ జేబులో పెట్టేసుకున్నాడు. “ఏ కెమెరా ముందు చచ్చానో ఆ కెమెరా ముందే లేస్తాను,” అని అక్క కళ్లు మూసుకుంది.

మేనేజర్ వచ్చి, ఇట్లా మొండికేస్తే ఇంకెవరు పిలుస్తారమ్మా అన్నాడు. ఆమె ఎన్నాళ్లుగానో ఎదురుచూసిన అవకాశం ఈ మొండితనంతో మళ్లీ రాకుండా పోతోందని నాకు అర్థమైంది. ఆమెకూ అర్థమయ్యే ఉంటుంది, కనురెప్పలు అదిరాయి. కానీ కదల్లేదు. వాచ్‌మన్ వచ్చి పొద్దు గూకుతున్నది, పీనుగును ఎత్తుండ్రి అని గొడవ మొదలుపెట్టాడు. నేను వెళ్లి “అక్కా, పోనీలే,” అన్నాను. కళ్లు తెరవకుండానే “నువ్వు నోర్మూసుకోరా,” అంది.

అంతలో గోడ దగ్గర ఒక పెట్టె తెరిచిన చప్పుడైంది. లైట్లవాళ్లలో పెద్దవాడొకడు, ఎవరూ చెప్పకుండానే, సర్దిన లైటును బయటికి తీసి స్టాండుకి బిగిస్తున్నాడు.

“ఏం చేస్తున్నావయ్యా?” అన్నాడు మేనేజర్.

“మా యాదన్న భార్య సార్ ఆమె. రేపు అన్నకు గుండె ఆపరేషన్ ఉన్నది.”

అంతే అన్నాడు. ఇంకొకడు వైరు తెచ్చాడు. డైరెక్టర్, కట్టేసి ఉన్న అక్క కాళ్ల వైపు చూసి, కెమెరామన్ వైపు తిరిగి తల ఊపాడు. ఆ డైరెక్టర్ కుర్రవాడి మీద నాకు అప్పటిదాకా ఉన్న కోపం పోయింది. కెమెరా మళ్లీ పెట్టెలోంచి వచ్చింది. గేటు దగ్గరికి వెళ్లినవాళ్లు కూడా వెనక్కి వచ్చి నిలబడ్డారు.

లైటు వెలిగింది. అక్క కళ్లు తెరిచింది. నవ్వు రాలేదు.

పెదవులు సాగాయి, వణికాయి. కళ్లనుంచి నీళ్లు కారి పసుపు మీద చారలు కట్టాయి. “నవ్వండమ్మా,” అన్నాడు డైరెక్టర్. ఆమె తల అడ్డంగా ఊపింది. పొద్దుటినుంచి బిగబట్టినదంతా ఇప్పుడు బయటికి వస్తోంది. మెల్లిగా మెడ తిప్పి గుంపులో నన్ను వెతికి పట్టుకుంది. “తమ్ముడూ, ఏదైనా చెప్పరా.”

నాకు హాస్యం రాదు. మా కాలేజీలో ఎవరినైనా అడగండి. అంతమంది మధ్యలో, ఆ లైటు వెలుగులో నాకు తెలిసింది ఒక్కటే గుర్తొచ్చింది. సుద్దముక్క పట్టుకున్నట్టు వేళ్లు పైకెత్తి, క్లాసు గొంతుతో మొదలుపెట్టాను.

“సైలెన్స్. ప్యాకప్ అనే క్రియకు అర్థాలు. ఒకటి, సామాను సర్దుకోవడం. ఉదాహరణ, దండ కోసం నిలబడ్డ ఆయన. రెండు, పని ముగించడం. ఉదాహరణ, మీరందరూ. మూడు, యంత్రం ఆగిపోవడం. ఉదాహరణ, పొద్దున మేమెక్కిన ఆటో. దాన్ని ఈ గుట్ట మీదిదాకా వెనకనుంచి నెట్టింది,” అని పాడె వైపు చెయ్యి చూపించాను, “ఈ శవమే.”

ముందు లైట్లవాళ్లు నవ్వారు. తర్వాత ఏడుపు బంధువులు. పాడె మీంచి ఒక పెద్ద నవ్వు లేచింది, ముక్కులో దూది ఎగిరి కెమెరామన్ కాళ్ల దగ్గర పడింది. అక్క కడుపు పట్టుకుని నవ్వుతోంది, లేవబోతే కట్టేసిన కాళ్లు అడ్డమొచ్చి మళ్లీ పడి, ఇంకా నవ్వుతోంది. కెమెరా తిరుగుతూనే ఉంది. “కట్” అనడం డైరెక్టర్ మరిచిపోయాడు.

ఇంటికొచ్చాక అక్క, గుళ్లో రద్దీ ఎక్కువగా ఉందని బావకి చెప్పింది. “ఔనా,” అన్నాడు బావ.

ఆస్పత్రి

మర్నాడు పొద్దున ఆస్పత్రిలో, అక్క బావ చెప్పులూ చొక్కా సంచిలో పెట్టుకుని నర్సుతో మాట్లాడటానికి వెళ్లినప్పుడు, బావ నన్ను దగ్గరికి రమ్మన్నాడు.

“నిజం చెప్పు బామ్మర్దీ. నిన్న అది పీనుగు వేషం వేసింది గదా?”

“నీకెవరు చెప్పారు బావా?”

“గుడికి పసుపు పూసుకొని పోతరు. ముక్కుల దూది పెట్టుకొని ఎవలు పోతరు? ఇంటికొచ్చినంక గూడ పోగు కనవడ్తున్నది. ఇన్నేండ్లు లైట్లు పట్టినోన్ని, నాకు తెల్వదా?” నిన్న మేం ఇంటికొచ్చినప్పటినుంచీ అడగలేక ఆపుకున్నది ఇప్పుడు అడిగాడు. “నవ్వు షాట్ తీసిన్రా?”

“తీశారు.”

“అదే కెమెరాతోని?”

“అదే కెమెరాతో. నేను దగ్గరే ఉన్నాను.”

“మంచిగ నవ్విందా, ఊకె పండ్లు చూపిచ్చిందా?”

“దూది ఎగిరిపడేలా నవ్వింది బావా.”

బావ దిండు మీదికి తల వాల్చి కళ్లు మూసుకున్నాడు. “అయితె ఫికర్ లేదు. నాకు తెల్సని దానికి చెప్పకు.” అక్క తిరిగి వచ్చింది. ఆయన్ని లోపలికి తీసుకెళ్లారు. తలుపు మూసుకోగానే అక్క నా చెవి దగ్గరికి వంగి, “ఆయనకేం చెప్పలేదుగా?” అంది. లేదన్నాను. ఇద్దరి రహస్యం నా దగ్గరే పెట్టుకుని బల్ల మీద కూర్చున్నాను. నమ్మకాల గురించి పార్వతీపురంలో నేను చెప్పే మాటలేవీ అక్కడ గుర్తు రాలేదు. ఆ నవ్వు నిజంగా ఇంకాస్త ఎక్కువసేపు తీసి ఉంటే బాగుండేదని మాత్రం అనిపించింది.

మధ్యాహ్నం దాటాక డాక్టర్ వచ్చి అంతా బాగా జరిగిందన్నాడు. అక్క సంచి తెరిచి బావ చెప్పులు తీసి, తలుపు పక్కన జతగా పెట్టింది. బావకు మెలకువ వచ్చాక ఒక్కరినే లోపలికి రానిచ్చారు. నేను అద్దం ఇవతల నిలబడ్డాను.

ఒంటినిండా వైర్లతో బావ పడుకుని ఉన్నాడు. మొహం పాలిపోయింది. అక్క మంచం పక్కకి వెళ్లింది. ఆయన కళ్లు తెరిచి చూశాడు, ఏదో అనబోయాడు. అక్క వేలు చూపించి ఆపింది. అప్పుడే నర్సు తలుపు తీసుకుని బయటికి రావడంతో ఆమె మాట నాకు వినబడింది.

“మాటలు తర్వాత. ముందు నవ్వు.”

బావ పెదవులు కొంచెం కదిలాయి. అక్క ఒప్పుకోలేదు. నడుం మీద చేతులు పెట్టుకుని నిలబడింది. నర్సు మళ్లీ లోపలికి వెళ్లి, టైమైపోయింది బయటికి రమ్మని సైగ చేసింది. అక్క వినలేదు. ఆయన పళ్లు కనబడేదాకా అక్కణ్నించి కదల్లేదు.